ముండ్లకంప ముందర పాడిన పాట

నేను బడికి పోలేదు. అమ్మ తొందరగా పోయింది, ఇల్లు నా చేతికొచ్చింది. అక్షరాలు నాయిన నేర్పాడు, మా క్రైస్తవ మందిరంలో పాడే పాటల పుస్తకం ముందు పెట్టుకుని. నాచారంలో బట్టల మిల్లు పని దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, చాప మీద కూర్చుని ఒక పాట చదివిస్తే ఒక పాట పాడించేవాడు. అందుకే ఇప్పటికీ నాకు అచ్చులో ఏది కనబడినా పెదవులు రాగం వెతుక్కుంటాయి. చదువు అంత సుఖంగా దొరికింది నాకు. దేవుడికి దానికే వేయి స్తోత్రాలు చెప్పుకోవాలి.

నాయిన డోలక్ బాగా వాయించేవాడు. సైకిల్ తుడిచేటప్పుడు, బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు ఒక రాగం తీసేవాడు. దానికి మాటలుండేవి కావు. అది వాళ్ల ఊరి మందిరంలో పాడిన పాత స్తుతి పాట అయి ఉంటుందని, మాటలు మరిచిపోయి ఉంటాడని నేను అనుకున్నాను. అడగలేదు. అడక్కపోవడమే మేలైంది.

తొంభైలు మొదలవుతున్న ఏడాది, డిసెంబరు. పాతబస్తీలో గొడవలు. కత్తిపోట్లు, కర్ఫ్యూ అని రేడియోలో రోజూ వినేవాళ్లం. మా వైపు ఒక్క రాయి పడలేదు కానీ మాటలు వచ్చి పడ్డాయి. ఉప్పల్ నుంచి వచ్చినవాళ్లు ఒకటి చెబితే, చర్లపల్లి నుంచి వచ్చినవాళ్లు దానికి ఇంకొకటి కలిపేవాళ్లు. ఎవరో బోరింగులో విషం మందు పోస్తారని ఒక సాయంత్రం పుకారు పుట్టింది. తెల్లారేసరికి మా గల్లీకి, వెనకాల ముస్లింల గల్లీకి మధ్యనున్న సందులో తుమ్మకంప అడ్డం పడింది. అది చూసి వాళ్లు అటువైపు నుంచి విరిగిన తోపుడు బండి పెట్టారు. రెండు గల్లీలకూ మంచినీళ్లిచ్చే చేతిపంపు అదొక్కటే. ఆ బోరింగు మా వైపు ఉండిపోయింది.

వెనక గల్లీలో నాకు కుట్టుపని నేర్పిన అక్క ఉండేది, వాళ్ల మాటలో ఆపా అని పిలిచేదాన్ని. ఇరవై రోజుల బాలింత. పాలు పడక పిల్లకు డబ్బా పాలు కలిపి పట్టేది. ఇప్పుడు వాళ్లకు మిగిలింది ఉప్పునీళ్ల బావి. ఆ నీళ్లతో పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. ఆపా మామగారు, తెల్లగడ్డం ముసలాయన, కంప అవతల నుంచి నన్ను పిలిచి చెప్పాడు. "దవాఖాన్ల సూపెట్టినం బేటీ. మంచినీళ్లు లేకుంట మందు పని జెయ్యదన్నడు డాక్టరు. పిల్ల కండ్లు లోపల్కి పోయినయి."

నేను బిందె నింపుకుని సందు దగ్గరికి పోయాను. అక్కడ కాపలా కూర్చున్నది మా గల్లీ చివరింటి అవ్వ కొడుకు. నేను అన్నా అని పిలిచే మనిషే. లేచి అడ్డం నిలబడ్డాడు.

"యాడికి చెల్లే?"

"పసిపిల్లకన్నా. ఒక్క బిందె."

"నీ మనసు మంచిదే. గని ఇయ్యాల పసిపిల్ల అంటవు, రేపు దాని నాయిన అస్తడు బోరింగు కాడికి. ఫికర్ నీకు లేదు, మాకుంటది. ఇంటికి పో."

నీళ్లు వెనక్కి తెచ్చుకున్నాను. ఆ బిందెలో నీళ్లు ముంచి అన్నం వండడానికి చెయ్యి రాలేదు. మోకాళ్లూని చాలాసేపు ప్రార్థన చేశాను. లేచేసరికి నోట్లో నాలుగు మాటలున్నాయి, నాయిన రాగానికి అతికినట్టు సరిపోయాయి. కాగితం మీద పెట్టుకున్నాను.

ఆగమైన వాడకు సల్లని కబురు తెచ్చినం
తలుపు తియ్యమ్మా, తల్లీ తలుపు తియ్యమ్మా
జాగ లేని బిడ్డను ఎత్తుకోని వచ్చినం
జాగియ్యమ్మా, తల్లీ జాగియ్యమ్మా

నాయినకు పాడి వినిపించాను. ఆయన సైకిల్ చైను చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. "మంచిగున్నది బిడ్డా," అన్నాడు, అంతే.

మందిరంలో పాస్టరు అయ్యగారికి కూడా చూపించాను. ఆయన మెత్తని మనిషి, ఆ రోజుల్లో బాగా బెదిరి ఉన్నాడు. "మాటలు బాగున్నాయమ్మా. పాడదాం. కానీ ఈసారి వెనక గల్లీ వద్దు. రేకుల మందిరం మనది, నలభై ఇళ్ల సంఘం. రెండు పెద్ద గుంపుల మధ్యకు మనం పోవద్దు."

ప్రతి ఏడూ క్రిస్మస్ ముందు మేము చీకటి పడ్డాక నక్షత్రం లైటు పట్టుకుని ఇంటింటికీ పాడుతూ తిరుగుతాం. ఆ ఏడు సాయంత్రం అయిదు దాటితే గుంపుగా తిరగొద్దని పోలీసులు చెప్పారు. కాబట్టి నేను పాట రాసిన మర్నాడు, ఆదివారం ఆరాధన కాగానే పట్టపగలు బయల్దేరాం. ఎండలో వెలగని నక్షత్రం మోసుకుని తిరుగుతుంటే పిల్లలు పడిపడి నవ్వారు.

తిరిగి తిరిగి గల్లీ చివర అవ్వ ఇంటి ముందుకొచ్చాం. పక్కనే తుమ్మకంప. అవ్వ కొడుకు, ఇంకో నలుగురు స్టూళ్లేసుకుని కూర్చున్నారు. మా వాళ్లు తెలిసిన పాటొకటి పాడి వెళ్లిపోదామన్నారు. నేను కాగితం తీశాను. అయ్యగారు నా వంక చూశాడు, వద్దనలేదు.

మొదటి చరణం ఎప్పటి మందిరం దెబ్బతోనే నడిచింది. రెండోసారి "తలుపు తియ్యమ్మా" అనేసరికి నాయిన చేతిలో డోలక్ మారిపోయింది. అట్లాంటి దెబ్బ ఆయన వాయించగా నేనెప్పుడూ వినలేదు. నడిచేవాళ్ల కాళ్లు వాటంతటవే ఎగిరే దెబ్బ. నా గొంతు దాని వెనక పరుగెత్తింది.

అవ్వ వాకిట్లోకి వచ్చింది. వరంగల్ దిక్కు పల్లె నుంచి వచ్చిన మనిషి, డెబ్బై దాటింది, మోకాళ్ల నొప్పులు. నడుముకు కొంగు బిగించి రెండడుగులు వేసింది.

"ఓ పొల్లా! గిది పీర్ల పండుగ పాట గదనే! అలావ గుండం సుట్టు ఆడేటప్పుడు పాడుతరు మా ఊర్ల!"

పీర్ల పండుగంటే పల్లెల్లో హిందువులూ ముస్లింలూ కలిసి చేసే మొహర్రం. నేను పాట ఆపేశాను. అయ్యగారి ముఖం తెల్లబడింది. "పీర్ల పాటా? మనమా?" అని నాయిన వైపు తిరిగాడు. నాయిన తల ఎత్తలేదు, చేతులు ఆపలేదు. దేవుని పేరు మీద ఎంత తప్పు చేశానో అని కాగితం మడిచేశాను.

అప్పుడు కంప అవతల నుంచి ఆపా మామగారి గొంతు వినబడింది. "ఆపకు బేటీ! పాడు! మా ఊర్ల పీర్లను ఎత్తిందే మా నాయిన!" ఆయన వెనక ఇంకో పది గొంతులు లేచాయి. "జాగియ్యమ్మా" అని నేనంటే "తల్లీ జాగియ్యమ్మా" అని కనబడని గల్లీ అందుకుంది. మా గల్లీలో నల్లగొండ వాళ్లు, మెదక్ వాళ్లు తలుపులు తెరిచి బయటికొచ్చారు. అందరికీ రాగం తెలుసు. అది ఏ పాటో ఇన్నేళ్లుగా తెలియంది నాకొక్కదానికే.

అవ్వ ఆడుతూ ఆడుతూ కంప దగ్గరికి పోయి ఆగింది. కొడుకును చూసింది.

"గిదేందిరా? అలావ కాడ ముండ్లు ఏస్తరారా ఎవలన్న?"

"నీకు తెల్వదే అవ్వా, నువ్వు లోపల్కి నడువు."

"నాకు తెల్వదా? ఏడేండ్లు కడుపు పండకుంటే పీరుకు మొక్కుకున్న. గప్పుడు పుట్టినవు నువ్వు. నీ పుట్టెంటికలు గాడ్నే తీసినం. పీరు ఇయ్యకుంటే గీడ కూసుండెటోడే లేకపాయె, పెద్ద కావలిగాడు!"

స్టూళ్ల మీది వాళ్లు నవ్వారు. ముందు ఒకడు, తర్వాత అందరూ. అన్న చెవులు ఎర్రబడ్డాయి. "నలుగుర్ల గిట్లనా అవ్వా," అని గొణిగాడు. అవ్వ వంగి ఉత్త చేత్తో తుమ్మకొమ్మ పట్టుకుని లాగబోయింది. "ఆగే, గుచ్చుకుంటయి!" అంటూ అతనే ముందుకు దూకి ఆ కొమ్మ లాగేశాడు. తర్వాత రెండోది. అటువైపు బండి చక్రం కదిలిన చప్పుడైంది. నాయిన దెబ్బ ఇంకా పెంచాడు.

సందు తెరుచుకుంది. ముందుగా ఆపా వచ్చింది, భుజాన పిల్ల, చంకలో బిందె. అవ్వ ఆమెను బోరింగు దగ్గర నిలబెట్టి, "బాలింతవు, నువ్వు కొట్టకు," అని కొడుకును పిలిచింది. నిన్న నన్ను ఆపిన మనిషి ఇవాళ బోరింగు కొట్టాడు. వెనక గల్లీ ఆడవాళ్ల బిందెలు వరుసగా నిండాయి. అటు ఇటు మనుషులు పాడుతూనే ఉన్నారు.

ఇంటికొస్తూ నాయినను అడిగాను. "ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే పాడుతుంటివా? మా నాయిన పీర్ల ముందట డప్పు కొట్టెటోడు. మందిరంల చేరినంక ఆ దెబ్బ కొట్టద్దన్నరు, కొట్టలే. రాగం మాత్రం నోట్లకెల్లి పోలే." డోలక్ భుజం మార్చుకుని, "నువ్వు దేవునికి రాసినవు బిడ్డా. ఆయనకు అన్ని రాగాలు ఎరికే," అన్నాడు.

నాలుగు రోజుల్లో పిల్ల తేరుకుంది. ఆ వారమే ఉప్పల్ వైపు నుంచి రెండు బస్తీల వాళ్లు వచ్చి, తమ దగ్గర కూడా ఆ పాట పాడమని అడిగారు. పగటిపూటే పోయి పాడి వచ్చాం. ఈసారి అవ్వ కొడుకు మా ముందు నడిచాడు.

క్రిస్మస్ ఆరాధనలో అయ్యగారు పాటల పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "ఇందులో లేని పాట పాడదాం. లేచి నిలబడండి," అన్నాడు. రేకులు అదిరిపోయేలా పాడాం. ఆపా మామగారు చెప్పులు విడిచి గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. రెండో చరణంలో దెబ్బ నెమ్మదించిందని అక్కణ్నుంచే నాయినకు చేత్తో సైగ చేశాడు. నాయిన తలూపి, వేగం అందుకున్నాడు.