విశాఖకి కరెంటిచ్చొచ్చిన సోంబరు

వంతల సోంబరుది అరకు దగ్గర డుంబ్రిగుడ మండలంలో కొండవాలున ఉన్న చిన్న గూడెం. చిన్నప్పుడు మిరియాలు కొయ్యడానికి కాఫీ తోటల్లో పొడవాటి చెట్లెక్కేవాడు. పెళ్లయిన కొత్తలో పంటలు పోతే విశాఖపట్నం వెళ్లి, అపార్ట్‌మెంట్లు కట్టేచోట ఇటుకలు మోశాడు. అక్కడ అతన్ని పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. మేస్త్రీ "ఒరే అరకూ" అని కేకేసేవాడు. ఆ పిలుపు పడక తిరిగొచ్చేసి, ఐటీఐలో చేరి, కరెంటు పని నేర్చుకుని లైన్‌మన్ అయ్యాడు.

ఆ ఏడు దీపావళి దగ్గరపడుతుండగా విశాఖ మీద తుపాను పడింది. ఎక్కడ చూసినా స్తంభాలు నేలకొరిగాయి. కొండల మీంచి కూడా మనుషుల్ని పంపమని కబురొచ్చింది. పైఅధికారి మల్లేశు జట్టు కడుతూ ముందుగా సోంబరు పేరే చెప్పాడు.

భార్య గంగ దుప్పటి మడతపెట్టి సంచిలో పెడుతూ, "పండగలోపు వచ్చేత్తావా?" అంది.

"పనవ్వాల గదా."

"అంత పెద్ద ఊర్లో మనుసులే లేరేటి? నువ్వెందుకు?"

"ఆళ్లే పిలిసేరే!" అన్నాడు సోంబరు. ఆ మాట అనడం అతనికి ఎంత నచ్చిందంటే, జీపెక్కేలోపు దారిలో కనబడిన మరో ఇద్దరికి కూడా అదే చెప్పాడు.

విశాఖలో వీళ్ల జట్టుకి అప్పగించిన వీధిలో వరసగా అపార్ట్‌మెంట్లు. తుపాను వెళ్లిన దగ్గర్నించీ కరెంటు లేదు, మోటార్లు తిరగడం లేదు, పై అంతస్తులకి నీళ్లు లేవు. ట్యాంకరు దగ్గర బకెట్ నింపుకుని ఒక పెద్దావిడ మెట్ల మీద ఆగి ఆగి ఎక్కుతోంది. ఆవిడ పేరు వరలక్ష్మి. సోంబరు బకెట్ అందుకున్నాడు.

"మూడో అంతస్తు బాబూ. నీకు కష్టం."

"మా ఊర్లో ఆడోళ్లు ఊటకాడ్నించి ఇంతకన్నా ఎత్తు మోత్తారమ్మా."

"ఏ ఊరు?"

"డుంబ్రిగుడ. అరకు దగ్గర."

ఆవిడ మెట్టు మీదే నిలబడిపోయింది. "అంత దూరం నించి మాకోసం దిగొచ్చారా!"

సోంబరు మిగతా మెట్లు గబగబా ఎక్కేశాడు. బకెట్ గుమ్మం దగ్గర దించి, ఇంకోటి తెస్తానని కిందికి పరిగెత్తాడు.

చిక్కంతా వెనక సందులో వచ్చింది. అక్కడ విరిగిన స్తంభం తీసి కొత్తది నిలబెట్టాలి. సందు ఇరుకు, క్రేన్ లోపలికి తిరగలేదు. అపార్ట్‌మెంట్ల సంఘం కార్యదర్శి సర్వేశ్వరరావు నీరసంగా అడిగాడు: "అయితే ఈవేళ కూడా లేనట్టేనా?"

మల్లేశు నవ్వాడు. "మా కొండల మీదికి క్రేన్ ఎప్పుడొచ్చిందండీ? తాళ్లు తియ్యండర్రా!"

కొండలెక్కే స్తంభాలన్నీ మనిషి చేతుల మీదే లేస్తాయి. కానీ జట్టులో ఉన్నవాళ్లు చాలలేదు. సర్వేశ్వరరావు ప్యాంటు మడిచి తాడు పట్టుకున్నాడు. అతన్ని చూసి ఒక బ్యాంకు ఉద్యోగి, కూరగాయల బండివాడు, కాలేజీ పిల్లలు వచ్చారు. సోంబరు ముందు నిలబడి, గూడెంలో దూలాలు లేపేటప్పుడు పాడే పాట అందుకున్నాడు. అది వాళ్ల గూడెం భాష, కొండ ఒరియా. వీధివాళ్లకి ఒక్క ముక్కా తెలీదు. అయినా పాట ఆగిన చోటల్లా వీధంతా కేక కలిపి లాగింది. స్తంభం కొంచెం కొంచెంగా లేచి, గోతిలో నిటారుగా నిలబడింది.

గోతిలో రాళ్లేసి, కాంక్రీటు పోసి దిట్టం చేశాక, పక్కనే ఉన్న గట్టి స్తంభానికి నిచ్చెన ఆనించి సోంబరు తీగల పనికి ఎక్కాడు. పైనించి చూస్తే ఒకవైపు సముద్రం, కింద తలలెత్తి నిలబడ్డ జనం. ఇటుకలు మోసిన రోజుల్లో ఈ ఊళ్లో అతను ఎప్పుడూ కిందికి చూసే నడిచాడు.

పొద్దు గూకే వేళకి పని పూర్తయింది. మల్లేశు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పక్కకి జరిగి, "సోంబరూ, నువ్వే వెయ్యి," అన్నాడు. సోంబరు హ్యాండిల్ లాగాడు. కిటికీలన్నీ ఒక్కసారిగా వెలిగాయి, వీధి గోలెత్తిపోయింది. మోటార్లు బుయ్‌మన్నాయి. కాసేపటికి వరలక్ష్మి కిందికొచ్చి అతన్ని చెయ్యిపట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్లింది. "ముందు నువ్వు కడుక్కో బాబూ," అంది.

కాలేజీ పిల్లలు ఫొటో తీసి, "అరకు లైన్‌మన్ అని పెడుతున్నాం అన్నా," అన్నారు.

"వంతల సోంబరు, డుంబ్రిగుడ. అలా పెట్టండి," అన్నాడు. వాళ్లు రాసింది చూపించేదాకా కదల్లేదు.

పండగ ముందురోజు ఇల్లు చేరాడు. గూడెం చీకటిగా ఉంది. గంగ లాంతరు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఊరందరికీ కరెంటిచ్చొచ్చావు. ఇక్కడ నువ్వెళ్లిన మర్నాడే పోయింది."

"ఎవలూ రాలేదా?"

"వచ్చేవోడివి నువ్వే గదా!"

సోంబరు పగలబడి నవ్వాడు. తెల్లారగానే నడుముకి బెల్టు కట్టుకుని ఊరి చివర స్తంభం ఎక్కాడు. గూడెం మొత్తం కింద చేరింది. విశాఖ సంగతులన్నీ అతను పైనించే అరిచి చెబుతున్నాడు. తాడు పాట దగ్గరికొచ్చేసరికి ముసలివాళ్లు నమ్మలేదు.

"ఆ బాబులంతా మన పాట పాడేరా?"

"పాడేరు," అంది గంగ, అతనికంటే ముందే. "మా ఆయనే పాడించేడు."