ఎగరని విమానాలాయన, వాళ్ళ నాన్న

ఆ వీధిలో అతన్ని పళ్ళాయన అనేవారు. పళ్ళ డాక్టరు గారి ఆస్పత్రి వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు చేయడం అతని ఉద్యోగం. మైనం కరిగించడం, సుద్ద అచ్చు పోయడం, గులాబీరంగు చిగురు మీద ఒక్కొక్క పన్నూ నిలబెట్టడం, పొద్దస్తమానం ఇదే పని. ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళు నవ్వేది అతని చేతిపనితోనే. వాళ్ళ నోళ్ళు అతనికి బాగా తెలుసు. ముఖాలు మాత్రం తెలియవు.

ఇంటికి వచ్చాక విమానాలు చేసేవాడు. మూరెడు పొడుగుండే నమూనా విమానాలు, అసలు కొలతలకు లెక్కగా తగ్గించి చేసినవి. విచిత్రం ఏమిటంటే, వాటిలో ఒక్కటీ నిజంగా ఆకాశం మొహం చూసింది కాదు. ఎప్పుడో, ఏదో కంపెనీలో, ఎవరో రాత్రింబగళ్ళు కూర్చుని గీస్తే, పైవాళ్ళు వద్దన్నందువల్లో, ఉన్నట్టుండి యుద్ధం ఆగిపోయినందువల్లో కాగితం మీదే ఉండిపోయినవి. ముందుకు వంగిన రెక్కల జెట్టు, తోకే లేని బాంబు విమానం, నీళ్ళ మీద వాలే ఆరు ఇంజన్ల పెద్ద విమానం. పాత ఇంజనీరింగు పత్రికలు తూకానికి కొనుక్కొచ్చేవాడు. వాటిలో పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి బొమ్మ దొరికిందంటే చాలు, నెలల తరబడి మనిషి ఇంట్లో ఉన్నా లేనట్టే.

"ఎగిరినవే చెయ్యొచ్చు కదండీ, చూసినవాళ్ళు గుర్తుపడతారు" అని పెళ్ళయిన కొత్తలో భార్య అడిగింది.

"గుర్తుపడితే పోల్చి చూస్తారు" అన్నాడు.

ఆ మాట ఆమెకు అప్పుడు అర్థం కాలేదు. మామగారు వచ్చి వాళ్ళింట్లో ఉండడం మొదలుపెట్టాక అర్థమయింది.

మామగారు చెయ్యి తిరిగిన వడ్రంగి. ఆయన బిగించిన తలుపు వేస్తే సందులో కాగితం కూడా దూరేది కాదంటారు. ఆయన కన్ను ఎంత నిక్కచ్చిదో, నోరు అంత చెడ్డది. ఎవరి పనిలోనైనా వంక కనిపెట్టి నలుగురిలో చెప్పేదాకా ఆయనకు తిన్నది అరిగేది కాదు. కొడుకు చిన్నప్పుడు పనికిరాని చెక్కముక్కలతో ఒక విమానం చేసుకున్నాడు. క్యాలెండర్లో ఉన్న విమానాన్ని చూసి చేసింది. మురిసిపోతూ తండ్రి కొట్టుకు పట్టుకెళ్ళాడు. ఆయన దాన్ని క్యాలెండర్ పక్కన పెట్టి, కొట్లో కూర్చున్న వాళ్ళందర్నీ పిలిచాడు.

"చూడండి, మావాడు బాతును చేశాడు. పాపం దానికి ఈత కూడా రాదనుకుంటా" అన్నాడు.

అందరూ నవ్వారు. నవ్వు అయిపోయాక దాన్ని జిగురు కాచే పొయ్యిలో పెట్టేశాడు. వాడు ఏడిస్తే, "మళ్ళీ చెయ్యి. పోల్చి చూసుకుని చెయ్యి" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అదే పిల్లవాడికి మరింత గుచ్చుకుంది. మళ్ళీ చేశాడు. అదీ పొయ్యిలోకే పోయింది. ఆ తర్వాత వాడు తండ్రి ముందు ఏ పనీ చెయ్యలేదు. వడ్రంగం నేర్చుకోనన్నాడు. ఎక్కడో పళ్ళు చేసే పని నేర్చుకున్నాడు. తండ్రి నోరు పెట్టలేని పనేదైనా ఉంటే అదొక్కటే అనుకున్నాడో ఏమో.

ఆయన వయసు మళ్ళాక ఒకరోజు యంత్రపు రంపం కుడిచేతి వేళ్ళు రెండు తీసుకెళ్ళిపోయింది. కొట్టు మూశాడు. భార్య పోయి చాలా కాలమైంది, ఉన్నది ఒక్కడే కొడుకు. అలా పెట్టె పట్టుకుని వీళ్ళింటికి వచ్చాడు. ఇంట్లో రెండే గదులు. రెండో గదిలో గోడ బల్లల మీద విమానాలు ఉండేవి. వాటి కిందే ఆయనకు మంచం వేశారు.

పొద్దున్నే లేచి, పడుకున్న చోటునుంచే మొదలుపెట్టేవాడు.

"ఒరేయ్, ఇదేమిట్రా, దీనికి తోక మర్చిపోయావా?"

"అది అంతే నాన్నా. తోక లేకుండానే గీశారు."

"అందుకే కాబోలు కట్టలేదు. గీసినవాడికైనా బుద్ధొచ్చింది, నీకు రాలేదు."

కోడలు బస్టాండులో టికెట్ల కౌంటరులో పనిచేసేది. రోజంతా జనం తిట్లు తిని వచ్చిన మనిషికి ఇంట్లో ఈ ముచ్చట. అయినా మామగారి బట్టలు ఉతికేది, ఆయన చేతికి మందు రాసేది. పిల్లల్లేరు. ఆ విషయం ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. నిజానికి ఆయన కూడా చాలాకాలం ఎత్తలేదు.

ఒక ఏడు టౌన్ హాలులో చేతిపనుల ప్రదర్శన పెట్టారు. డాక్టరు గారు పట్టుబట్టి పళ్ళాయన చేత ఆరు ఇంజన్ల నీటి విమానం పెట్టించారు. న్యాయనిర్ణేతగా వచ్చినాయన రిటైరైన ఇంజనీరు. బల్ల ముందు ఆగి, వంగి, కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు.

"ఇది మా కుర్రతనంలో పేరు మాత్రమే విన్నామండీ. ఇలా ఉండేదన్నమాట! నిజంగా కట్టి ఉంటే పైకి లేచేదంటారా?" అని అడిగాడు.

పళ్ళాయన జీవితంలో మొదటిసారి ఒక పెద్దమనిషి అతన్ని 'అండీ' అంటూ ఏదో అడిగాడు. జవాబు చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. ఈలోగా, వెంట వచ్చి పక్కన కుర్చీలో కూర్చున్న తండ్రి అందుకున్నాడు.

"మావాడింట్లో ఏదీ పైకి లేవదు బాబూ. లేస్తే ఈపాటికి నాకు మనవలు ఉండేవాళ్ళు."

ముందు ఎవరికీ అందలేదు. అందాక ఘొల్లుమన్నారు. ఇంజనీరు కూడా ఆపుకోలేక మూతికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నవ్వనిది ఇద్దరే. పళ్ళాయన భార్య మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఆ గ్లాసు ఎవరికోసం తెచ్చిందో మర్చిపోయినట్టు చూసింది. పళ్ళాయనకు తల కొట్టేసినట్టయింది. బహుమతి వచ్చింది, రెండోదో మూడోదో. తీసుకోవడానికి అతను వేదిక ఎక్కలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు తండ్రికి మిగిలిన నాలుగు పళ్ళూ కదిలి, డాక్టరు గారు తీసేశారు. చిగుళ్ళు మానాక కొలతలు తీసి అచ్చు వెనక గదికి పంపారు.

"ఇంటి పనే కదా, శ్రద్ధగా చెయ్యి" అని నవ్వారు డాక్టరు గారు.

శ్రద్ధగానే చేశాడు. తండ్రి నోటి అచ్చు బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. నాలుక లేని నోరు, సుద్ద నోరు. ఏమీ అనలేదది. సన్నటి పనిముట్టు తీసుకుని ఎడమపక్క కింది దవడ దగ్గర ఒక గీత గీశాడు. వెంట్రుకంత గీత. ఆ గీతలోకి ప్లాస్టిక్ దిగితే పళ్ళసెట్టు లోపల సన్నటి గట్టులా లేచి చిగురును నొక్కుతుంది. తర్వాత ఆ పక్కనే రెండు పళ్ళు కాగితం మందాన ఎత్తు చేశాడు. కంటికి కనపడదు. సెట్టు అద్దంలా మెరిసిపోతోంది. డాక్టరు గారు తిప్పి చూసి భేష్ అన్నారు.

మొదటి వారం అందరూ కొత్త గనక అనుకున్నారు. రెండో వారానికి తండ్రి రొట్టె మానేసి జావకు దిగాడు. మాట్లాడితే ఎడమపక్క గుచ్చుకునేది. మాట ముద్దగా వచ్చేది. వీధిలో ఎవరినో ఏదో అనబోతే వాళ్ళు "ఆఁ? ఆఁ?" అని రెండుసార్లు అడిగి నవ్వుకుంటూ పోయారు. ఆయన మాట కోసం జనం ఆగిన రోజులు పోయి, ఆయన మాటకు జనం నవ్వే రోజులు వచ్చాయి. మెల్లగా ఆయన నోరు మూతపడింది. సెట్టు తీసేద్దామంటే తినడానికి లేదు, పెట్టుకుందామంటే పుండు.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. తండ్రి వచ్చాక అంత నిశ్శబ్దంలో పని చేయడం పళ్ళాయనకు ఇదే మొదలు. కొత్త విమానం ఎత్తుకున్నాడు. సాయంత్రాలు సన్నగా కూనిరాగం తీస్తూ రెక్కలు నునుపు చేసేవాడు. తండ్రి మంచం మీద కూర్చుని, చెంప పట్టుకుని, ఆ రెక్కల వంకే చూస్తూ ఉండేవాడు.

కోడలు తువ్వాలు ఉతుకుతుంటే నెత్తుటి చారలు కనిపించాయి.

"మావయ్యా, రేపు నాతో రండి, డాక్టరు గారికి చూపిద్దాం."

ఆయన తల అడ్డంగా ఊపాడు. సెట్టు చేతిలోకి తీసుకుని, బోసినోటితో ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పాడు. "డాక్టరు దేనికమ్మాయ్? వాడు కావాలనే చేశాడు. చూద్దాం, ఎన్నాళ్ళు చూస్తాడో."

ముసలితనపు అనుమానం అనుకుందామె. ఆ సాయంత్రం భర్త దగ్గరికి వెళ్ళి నవ్వుతూనే అంది.

"విన్నారా, మీ నాన్నగారేమంటున్నారో! మీరు కావాలని పళ్ళు పాడుచేసి ఇచ్చారట."

అతను ఇంజను తొడుగు నునుపు చేస్తున్నాడు. చెయ్యి ఆగలేదు. తల ఎత్తలేదు. కాదనలేదు.

ఆమె నవ్వు అలాగే ముఖం మీద ఎండిపోయింది.

"ఏవండీ... రేపు తీసుకెళ్ళి సరిచెయ్యండి."

"వయసు మీద పడ్డాక చిగుళ్ళు అరుగుతాయి. అలవాటు కావాలి."

"నెత్తురొస్తోందండీ."

"నాకు రాలేదా?" అన్నాడు. ఆ మాట నెమ్మదిగా, ఉప్పు ఇలా ఇవ్వమని అడిగినంత మామూలుగా అన్నాడు.

"ఆ రోజు హాల్లో ఆయనన్న మాట నన్ను కూడా అన్నట్టే. నేనే మర్చిపోయాను, మీకేమిటి?"

"నువ్వు మర్చిపోయావు. నేను మర్చిపోలేదు."

మర్నాటినుంచి ఆమె మామగారికి జావ పల్చగా కాచేది, గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించడానికి ఇచ్చేది. తనే సెట్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్తానంటే ముసలాయన దాన్ని దిండు కింద దాచుకున్నాడు. ఎందుకో ఆమెకు తెలియలేదు. ఇద్దరు మగవాళ్ళూ ఏదో పందెం కాసుకున్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

ఒక ఆదివారం పొద్దున ముసలాయన తన పాత పెట్టె తీయించాడు. లోపల్నుంచి వడ్రంగి పెన్సిలు, చిన్న ఆకురాయి, నునుపు కాగితం తీసుకున్నాడు. వరండాలో అద్దం పెట్టించుకున్నాడు. పెన్సిలు ముల్లు తడిచేసి పుండు మీద రాసుకుని, సెట్టు పెట్టుకుని గట్టిగా నొక్కి తీశాడు. గట్టు మీద నల్లగా మరక పడింది. మిగిలిన మూడు వేళ్ళతో సెట్టు పట్టుకుని, మరక పోయేదాకా ఆకురాయి ఆడించాడు. మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. పట్టు తప్పి రెండుసార్లు కింద పడేశాడు. కోడలు ఎత్తి ఇచ్చింది. చిగురంతా నెత్తురు. ఎండ వరండా దాటి గోడ ఎక్కేదాకా అదే పని. ఎత్తు పళ్ళు రెండూ కూడా అరగదీశాడు.

లోపలి గదిలో పళ్ళాయనకు ఆ రాపిడి చప్పుడు వినిపిస్తూనే ఉంది. బయటికి రాలేదు.

చివరికి ముసలాయన నోరు కడుక్కుని, సెట్టు పెట్టుకుని, దవడ అటూ ఇటూ ఆడించాడు. రొట్టెముక్క తెప్పించుకుని నమిలాడు. మింగాడు. లేచి లోపలి గదిలోకి వెళ్ళి కొడుకు ముందు నిలబడ్డాడు. మాట శుభ్రంగా వచ్చింది.

"ఒరేయ్."

పళ్ళాయన తల ఎత్తాడు. ముఖం తెల్లబడింది. వీధంతా వినేలా తిట్టబోతున్నాడనుకున్నాడు.

"గట్టు ఎంత సన్నగా లేపావురా! ఒక్క పిసరు ఎక్కువైతే డాక్టరు కనిపెట్టేవాడు, ఒక్క పిసరు తక్కువైతే నాకు నొప్పి ఉండేది కాదు. నా అంతటివాడికి అరగదీయడానికి పూటంతా పట్టింది. ఇన్నేళ్ళలో నువ్వు చేసిన పనుల్లో వంక పెట్టడానికి లేని పని ఇదొక్కటే."

వెక్కిరింపు కాదు. కొట్లో మంచి టేకు దుంగ మీద చెయ్యివేసి మాట్లాడినట్టే మాట్లాడాడు.

గుమ్మం దగ్గర నిలబడి కోడలు భర్త ముఖం చూసింది. సిగ్గుపడతాడనుకుంది, కనీసం భయపడతాడనుకుంది. అతని ముఖం వెలిగిపోయింది. పెళ్ళి ఫొటోలో కూడా అంత వెలుగు లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిజంగానా నాన్నా?" అన్నాడు.

ఆమె చేతిలో ఇంకా నెత్తుటి తువ్వాలే ఉంది.

ఆ వారంలోనే ఆమె బస్టాండు దగ్గర ఒక గది చూసుకుని వెళ్ళిపోయింది. గొడవ పడలేదు. వెళ్ళేముందు, "మీ ఇద్దరి మధ్య ఉండడం నావల్ల కాదండీ" అంది. అతను ఆపలేదు. ముసలాయన, "పోతే పోనీరా. ముందా తలుపు వెయ్యి, దుమ్మొస్తోంది, రంగు ఆరలేదు" అన్నాడు.

తర్వాత తండ్రీ కొడుకూ చాలా బాగున్నారు. చూసినవాళ్ళు ముచ్చటపడేవారు. తండ్రి మంచం మీద కూర్చుని పత్రికలోని బొమ్మల మీద వేలు పెట్టి చూపించేవాడు, కొడుకు చెక్కేవాడు. వంక ఉంటే చెప్పేవాడు, ఇతను విరిచేసి మళ్ళీ చేసేవాడు. మెచ్చుకోలు మాత్రం మళ్ళీ రాలేదు. దానికోసం ఎదురుచూస్తూ అతను నాలుగైదు విమానాలు విరిచాడు. వంట అతనే, బట్టలు అతనే. తండ్రి నోరు పాత పదునుకు వచ్చింది. అందులో సగం పదును ఇంటిని వదిలి వెళ్ళిన కోడలి మీదే ఖర్చు చేసేవాడు. కొడుకు కాదనేవాడు కాదు. ఒక్కోసారి నవ్వేవాడు కూడా.

ముసలాయన ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. కబురు వెళ్తే ఆమె వచ్చింది. చెయ్యవలసినవన్నీ చేసింది, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చింది. అందరూ వెళ్ళాక పళ్ళాయన ఆమెను లోపలి గదిలోకి పిలిచి, గుడ్డ కప్పి ఉన్న విమానం తెరిచి చూపించాడు.

"ఇది ఇద్దరం కలిసి చేశాం. రెక్కలు నాన్నే నునుపు చేశాడు, మూడు వేళ్ళతో."

"బాగుంది" అంది.

బయలుదేరబోతూ ఆమె అడిగింది.

"మావయ్య నన్నెప్పుడైనా తలుచుకున్నారా? మంచిగా, ఒక్కసారైనా?"

అబద్ధం చెప్పినా సరిపోయేది. అతను నిజంగానే గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించాడు.

"లేదు" అన్నాడు.

"మీరో?"

విమానం మీద గుడ్డ సర్దుతూ, "పనిలో పడిపోయాం" అన్నాడు.

ఆమె చెప్పులు వేసుకుంది. మర్నాడు తనది ఉదయం డ్యూటీ. బస్టాండు వైపు ఆఖరి టౌను బస్సుకు వేళయింది.