కుట్టు విప్పితే గానీ మారదు

మా అత్తగారిని పొగిడే అలవాటు నాకు లేదు. మా ఇద్దరిదీ ఉప్పూ నిప్పూ వ్యవహారమని ఇరుగుపొరుగు అనుకుంటారు, అందులో అబద్ధమేమీ లేదు. మొన్న మా అమ్మాయి బడి నుంచి వచ్చి, "ఓట్లేసి మనమే గెలిపించుకుంటున్నాంగా నానమ్మా, ఇంక దేశానికి రాజ్యాంగం రాసిపెట్టుకోవడం ఎందుకు?" అని అడిగింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుంటూ, "మీ అమ్మనడుగు, కళ్లారా చూసింది" అంది. అందుకని చెప్పక తప్పింది కాదు.

అత్తగారు కుట్టుపని సంఘానికి అధ్యక్షురాలు. ఆడవాళ్లమే పెట్టుకున్న సంఘం. ఇరుకు మెట్లెక్కితే పొడవాటి గది, కిటికీల కింద మిషన్లు, నడుమ గుడ్డ కత్తిరించే బల్ల. మొదట్లో నియమాలన్నీ ఆ బల్ల మీదే సుద్దబిళ్లతో రాసుకున్నాం. కుట్టేవాళ్లకు బల్లను మించిన చోటు ఏం తోస్తుంది? గుడ్డ పరిచిన ప్రతిసారీ కొన్ని అక్షరాలు చెరిగిపోయేవి. నరంలేని నాలుకలు కదా, చెరిగిన చోట ఎవరికి కావలసింది వాళ్లు చదివేవాళ్లు. కిటికీ పక్క మిషను దగ్గర జుట్లు పట్టుకునేదాకా వచ్చాక, అత్తగారు అందరూ ఒప్పుకున్న మాటల్ని దళసరి తెల్లగుడ్డ మీద ఎర్రదారంతో కుట్టి గోడకు తగిలించింది.

"మార్చుకోవచ్చు. కానీ అందరి ముందూ కూర్చుని కుట్టు విప్పాలి" అంది. అక్షరాలు వంకరగా ఉన్నాయని నేను అప్పుడే చెప్పాను.

ఆ ఏడు ఒక బడికి కుట్టిన చొక్కాలన్నీ వెనక్కొచ్చాయి. కాలరు బిగుతై బొత్తాం పడటం లేదట. కాలర్లు కుట్టింది మిరపకాయ. అది మేం పెట్టిన పేరు. నోరు తెరిస్తే ఘాటే, అత్తగారిని కూడా వదిలేది కాదు. ఆమె ఇల్లు గడిచేది మాత్రం ఆ ఒక్క మిషను మీదే.

"ఈవిడ మిషను తీసేద్దాం" అన్నారెవరో. గదిలో చేతులన్నీ లేచాయి. అత్తగారి చెయ్యి కూడా సగం లేచి, గోడవైపు చూశాక కిందికి దిగింది.

"చెప్పుకోనివ్వకుండా ఎవరి మిషనూ, ఎవరి కుర్చీ కూడా తీయకూడదు" అని పైకి చదివింది.

"ఇంతమందిమి చేతులెత్తాక ఇంకేం వినాలి అక్కా?" అంది బొత్తాలు కుట్టే ఆవిడ.

"ఇంతమంది కలిసి ఒక్కదాని మీద పడతారనేగా అది కుట్టింది. లేకపోతే దారం దండగ చేస్తానా?"

మిరపకాయ ఏడవలేదు. కాలరు నమూనా కాగితం తెచ్చి బల్ల మీద పరిచి, టేపు పెట్టి కొలిచింది. "కుట్టుకి వదలాల్సిన అంచు దీన్లోనే లేదు. పొద్దున్నుంచీ మొత్తుకుంటుంటే ఒక్కళ్లు వింటేగా."

ఆ నమూనా కత్తిరించింది అత్తగారు.

గది మొత్తం ఆవిడ వైపు తిరిగింది. కంచే చేను మేసిందన్నారు, అధ్యక్షురాలినే దించెయ్యాలన్నారు, మళ్లీ చేతులు లేచాయి. అంతమంది అరుపుల్లో అత్తగారి మాట ఎవరికీ వినబడలేదు.

అప్పుడు మిరపకాయ గోడ దగ్గరికి నడిచి, ఎర్రదారం మీద వేలు పెట్టింది. "ముందు ఆవిణ్ణి చెప్పుకోనివ్వండి. రాసుంది."

చేతులు ఒక్కొక్కటే దిగాయి. తప్పు తనదేనని, కొత్త కాలర్లన్నీ తనే వేసిస్తానని అత్తగారు చెప్పింది. కుర్చీ నిలిచింది, మిషనూ నిలిచింది.

అంతా విని మా అమ్మాయి అడిగింది, "మిరపకాయత్తకి నువ్వంటే పడదుగా నానమ్మా?"

"ఇప్పటికీ పడదు. పడేవాళ్లే అయితే రాసుకునే పనేముంది? దేశంలో మాత్రం అందరికీ అందరూ పడతారా తల్లీ?"

నాకూ అత్తగారితో పడదు. అయినా ఆ గుడ్డ మాసినప్పుడు ఇంకెవరి చేతికీ ఇవ్వను, నేనే ఉతుకుతాను.