మా ఇంటి వసకొమ్ము మహిమ

నా మనవరాలికి రెండున్నరేళ్లు దాటినా ఒక్క మాట రాలేదు. మాట రావాలని మా అమ్మ రోజూ వసకొమ్ము అరగదీసి దాని నాలుకకు రాసేది. తినేటప్పుడు మాత్రం ఇంట్లో ఎవరూ నోరు తెరవకూడదు. తెరిస్తే లక్ష్మి వెళ్ళిపోతుందట! పాప నోట్లో సంగటి ముద్ద, కళ్ళ ముందు ఫోను. మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చిన నేను కూడా కంచం ముందు పుట్టినప్పటి నుంచి మూగవాణ్ణే.

ధర్మపురిలో డాక్టరమ్మ పాప చెవులు పరీక్షించి, బాగున్నాయంది. మేము తినిపించే తీరు విని, "తినిపించేటప్పుడు పాపతో మాట్లాడండి" అంది.

ఆ పూటే ఫోను తీసేసి నేనే తినిపించడానికి కూర్చున్నాను. "సంగటి కాలుతోంది, ఊదు. ఇది పులుసు. కారంగా ఉందా?"

అమ్మ నుదురు కొట్టుకుంది. "లక్ష్మిని తరిమేస్తా ఉండావు కదరా!"

"ఉంటే కదమ్మా, తరిమేది!"

రెండు నెలలకు పాప వేడి ముద్ద ఒకటి నా మూతి ముందుకు ఎత్తి, "ఊదు" అంది.

"చూస్తివా, వస పని చేసింది!" అని అమ్మ వీధంతా వినేటట్టు అరిచింది. వాదించడానికి నేను నోరు తెరిచాను.

"ఊదు!" అని పాప గద్దించింది.

తెరిచిన నోటితో బుద్ధిగా ఊదాను.