అవ్వది బద్ధకం కాదు

జనరల్ మెడిసిన్ ఎండీ పరీక్ష దగ్గర పడింది. గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు అయిపోయాయి. ఈ రోజు పొద్దున సుచిత్ర ఏరియాలోని మా ఇంట్లో కూర్చుని హార్మోన్ల విభాగం తిరగేశాను. థైరాయిడ్ తగ్గితే కనిపించే లక్షణాలు చదువుతుంటే నాయిన తల్లి, మా అవ్వ గుర్తొచ్చింది. ఎండాకాలంలోనూ చలి, ఉబ్బిన ముఖం, బొంగురు గొంతు. చర్చిలో ప్రసంగం మొదలవగానే నిద్రపోయేది. ఇంట్లో అందరం బద్ధకమనేవాళ్లం. ఆమె పోయి తొమ్మిదేళ్లయింది.

చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మకు ఆ పేజీ చదివి చెప్పాను. అమ్మ చేతులు ఆగిపోయాయి.

“అంటే మా అత్తది బద్ధకం కాదా బిడ్డా?”

“కాదమ్మా. రోజు పొద్దుగాల ఒక గోలీ ఏసుకుంటే మంచిగుంటుండె కావచ్చు.”

“గా ఎండలల్ల దుప్పటి కప్పుకుంటే నేనే గుంజి లేపుతుంటి. ఒక్కనాడు గుడ ఎదురు మాట్లాడలే.”

నేనేం తక్కువ కాదు. అవ్వ గొంతు అనుకరించి పిల్లలందరినీ నవ్వించేదాన్ని. ఆ సంగతి అమ్మకు చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతున్నాను.

మీ ఇంట్లో కూడా ఎవరికైనా బద్ధకమని పేరు పెట్టి ఉంటే, ఒకసారి రక్తపరీక్ష చేయించి ఏమైందో కింద రాయండి. నాకింకా నాలుగు విభాగాలు మిగిలాయి. వాటిలో ఇంకెవరు కనిపిస్తారోనని పుస్తకం తెరవాలంటే భయంగా ఉంది.