బల్లకి రెండో చివర

సింహాచలమ్మ పుట్టింది ఏక్‌బాల్‌పూర్‌లో. మాట్లాడేది శ్రీకాకుళం తెలుగు, తిట్టేది మాత్రం బెంగాలీలో. కార్పొరేషన్ చీపురు పట్టి ఇరవయ్యారేళ్లయింది. ఖిదిర్‌పూర్ ట్రాం స్టాపు ఆవిడ వంతు. ఏ పూట ఎవరు ఏ తొక్క పారేస్తారో చెప్పగలదు గానీ, అన్నేళ్లలో అక్కడ ఒక్కసారీ కూర్చోలేదు. కూర్చోడానికి ఏమీ లేదు మరి.

2007 చలికాలంలో మృత్యుంజయ అనే ఆర్టిస్టు అక్కడొక పొడుగాటి బల్ల వేయించాడు. పదిహేను రోజుల ప్రదర్శన. రెండు చివరలా మనుషులు కూర్చుంటేనే బల్ల కింద పెట్టె మాట్లాడుతుంది. ఒకరు లేస్తే ఆగిపోతుంది. ఆ స్టాపులో కనిపించే మనుషుల్నే పట్టుకుని, ఎదురుచూస్తూ ఏం చేస్తారు, అలసట ఎలా తీర్చుకుంటారు అని అడిగి రికార్డు చేశాడు. మొత్తం ఇరవై రెండు గొంతులు. అందులో ఒకటి సింహాచలమ్మది.

తన గొంతు బయటికి ఎలా వినిపిస్తుందో ఆవిడకి తెలీదు. వినాలన్న ఆశ పట్టుకుంది.

మొదటి రోజు డ్యూటీ దిగి ఒక చివర కూర్చుంది. అవతలి చివరకి వచ్చినాయన చీపురు చూసి, ట్రాం వస్తోందేమో చూస్తున్నట్టు రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాడు. ట్రాం రావడానికి ఇంకా అరగంట ఉంది. రెండో రోజూ అంతే. పదో రోజూ అంతే.

"నానొచ్చి కూకుంటానే," అంది పక్క వీధి ఊడ్చే అప్పమ్మ.

"నువ్వు ఇంటికాడ రోజూ నా పక్కనే కూకుంటావు. నీకు బల్లెందుకు?"

"పోనీ, ఎవరో ఇద్దరు కూకున్నప్పుడు దగ్గర నిలబడి ఇనుకో."

"నిలబడే ఉన్నాను ఇరవయ్యారేళ్లు. కూకునే ఇంటాను."

"అలాగే ఉండు, ముసల్దానివైపోతావు."

"ఇప్పుడేటి, పడుచుదాన్నా?"

ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రానికి బల్ల తీసేస్తారు. సింహాచలమ్మ తన చివర కూర్చుని, ఎవరైనా వస్తారేమోనని పది నిమిషాలు చూసింది. తర్వాత లేచి, తడిమట్టితో నిండిన బాల్చీని ఈడ్చుకొచ్చి అవతలి చివర పెట్టి, తిరిగొచ్చి తన చోట కూర్చుంది.

పెట్టె దగ్గింది. తర్వాత ఎవరో చేపలామె బస్సుల్ని తిట్టిపోసింది. స్టాపులో అందరూ ఇటు తిరిగారు.

"బాల్చీ ఎక్కడిదాకా వెళ్తుంది?" అన్నాడొకాయన.

"ధర్మతలా. టికెట్ నువ్వు తియ్యి దాదా," అంది సింహాచలమ్మ.

ఆరోదిగా ఆవిడ గొంతు వచ్చింది, సగం బెంగాలీ, సగం తెలుగు. "నిలబడే కునుకు తీస్తాను దాదా. చీపురు కింద పడితే మెలకువొస్తది. ఇన్నేళ్లలో రెండుసార్లే పడింది."

అనుకున్నంత బొంగురుగా లేదు. ఆవిడ తల వంచుకుని నవ్వుకుంది.

గంజి పెట్టిన చీర కట్టుకున్న ఒక ఆఫీసావిడ దగ్గరికొచ్చింది. "మాషీ, అది నువ్వేనా? మళ్లీ వినొచ్చా?"

"అందరి వంతూ అయ్యాక వస్తది దిది."

ఆఫీసావిడ వాచీ చూసుకుంది, పట్టాల వైపు చూసింది. "అయితే బాల్చీ తియ్యి."

"అది ముందొచ్చింది," అంది సింహాచలమ్మ. అయినా లేచి బాల్చీ దించి, తిరిగొచ్చి తన చోట కూర్చుంది. ఆఫీసావిడ తడి మరక మీద పేపరు పరుచుకుని కూర్చుంది. పెట్టె మళ్లీ అందుకుంది.

ట్రాం వచ్చింది. కండక్టరు రెండుసార్లు గంట కొట్టాడు. ఆఫీసావిడ కదల్లేదు.

"ఇది ఎన్నోది?" అని అడిగింది.

"ఎనిమిది. కాళ్లు చాపుకో దిది, శానా సేపుంది."