రేపల్లె రొయ్యలూ, నా పచ్చ గీతా

చెరువెడు రొయ్యలకి కంప్యూటర్ సాయంతో ఊపిరాడకుండా చేసిన మేధావిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. కుర్చీ లాక్కుని కూర్చోండి.

బాపట్లలో ఇంజినీరింగ్ పూర్తిచేసి, ప్రపంచానికి నా అవసరం చాలా ఉందని గట్టిగా నమ్ముతున్న రోజులవి. ప్రపంచం పిలవలేదు గానీ, తెనాలిలో ఎలక్ట్రానిక్స్ షాపు నడిపే మూర్తిగారు పిలిచారు. రొయ్యల చెరువులో ఆక్సిజన్ కొలిచి, అది తగ్గగానే నీళ్ళు చిలికే ఏరేటర్లని తనంతట తానే తిప్పే పెట్టె తయారు చెయ్యాలన్నది ఆయన కల. మొదటి ఆర్డరు రేపల్లె దగ్గర రొయ్యల రైతు శామ్యూల్‌గారిది. తేడా వస్తే ఆయన పంట నాశనం, మా షాపుకి తాళం.

పెట్టెలో రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాం. అంటే, పిలిచిన టైముకి ఠంచనుగా పెళ్ళికొచ్చే బంధువు లాంటిది. మనవైపు అలాంటి బంధువుని ఎవరూ చూసి ఎరగరు, అది వేరే సంగతి. సెన్సార్ చెప్పేది అందుకోవడానికో కార్డు. ఆ కార్డుకీ సిస్టమ్‌కీ మధ్య దుబాసీ, డ్రైవరు. ఆ డ్రైవరేమో సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ పాతదైతే తప్ప కాపురం చెయ్యనంటుంది. రియల్ టైమ్‌కేమో కొత్త కెర్నల్ కావాలి. వారాల తరబడి పంచాయితీ చేశాను. మూర్తిగారు రోజూ వచ్చి అడిగేవారు.

"ఏమయ్యా, అయిందా?"

"అయిపోవచ్చిందండి."

ఈ రెండు మాటలతోనే వేసవి గడిచిపోయింది.

ఈలోపు ఖాళీగా కూర్చోలేక ఓ తెలివైన పని చేశాను. కార్డు నుంచి జవాబు రాకపోతే, ఆక్సిజన్ నిండుగా ఉన్నట్టు దొంగ అంకెలు పుట్టించి స్క్రీన్ మీద అందమైన పచ్చ గీత గీసే ఏర్పాటు. ఉత్తినే, పరీక్షకి. అసలు డ్రైవరు పనిచెయ్యగానే తీసేద్దామనుకున్నాను. చివరికి డ్రైవరు పనిచేసింది, నేను షాపంతా గంతులేశాను. తీసెయ్యడం మాత్రం మర్చిపోయాను.

బయల్దేరే రోజు మూర్తిగారి అమ్మగారు వచ్చారు. "నాయనా, నీళ్ళల్లో మునిగేదేదో అది కాస్త విప్పివ్వు. అమ్మవారి దగ్గర పెట్టి ఇస్తాను."

సెన్సార్ విప్పి ఇచ్చాను. ఇంతలో మూర్తిగారి కేక: "వర్జ్యం వచ్చేస్తోంది, బండెక్కవయ్యా!" మిల్లీసెకను తేడా రానివ్వని యంత్రం వర్జ్యానికి భయపడి పరుగు తీసింది.

రేపల్లెలో ముసురు. "మబ్బు పట్టిన రోజు రొయ్యకి గాలి చాలదు బాబూ, జాగ్రత్త," అని శామ్యూల్‌గారు పెట్టె మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఇటు అమ్మవారు, అటు ప్రభువు. ఇక నాకు భయమేంటి? వైరు చుట్ట విప్పి, చివర ఏముందో చూడకుండానే చెరువులోకి విసిరి స్విచ్ వేశాను. పచ్చ గీత! అప్పటిదాకా తిరుగుతున్న ఏరేటర్లు ఠక్కున ఆగిపోయాయి.

"ఆగాయేంటి బాబూ?"

"ఆక్సిజన్ పుష్కలంగా ఉంది బాబాయ్‌గారూ. కరెంటు ఆదా."

"మరి రొయ్యలు పైకి తేలుతున్నాయేంటి?"

"కొత్త టెక్నాలజీ కదండీ, చూడ్డానికి వచ్చుంటాయి."

నిజంగానే అన్నానండి ఆ మాట. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

అప్పుడే ఫోన్ మోగింది. మూర్తిగారు. "ఏమయ్యా, సెన్సార్ మా దేవుడి గదిలో బొట్టు పెట్టుకుని కూర్చునుంది. అక్కడ చెరువులో ఏం ముంచావు?"

వైరు లాగి చూశాను. చివర ఉత్త ప్లగ్గు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అలా సెన్సార్ లేదు, కొలత లేదు, గీత మాత్రం నిగనిగలాడుతోంది.

శామ్యూల్‌గారు అప్పటికే పరుగెత్తి స్విచ్చులు చేత్తో వేసేశారు. ఏరేటర్లు తిరిగాయి. కాసేపటికి రొయ్యలు అడుక్కి దిగాయి, నాకూ ప్రాణం లేచొచ్చింది. ఆయన తిరిగొచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, స్క్రీన్ కేసి చాలాసేపు చూశారు.

"ఈ లోపలున్న చెరువు బ్రహ్మాండంగా ఉంది బాబూ. నా రొయ్యల్ని కూడా ఇందులోకే మార్చెయ్యకూడదూ?"

అందుకని అమ్మవారి మీదా, ప్రభువు మీదా, ఆ రొయ్యలన్నిటి మీదా ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ యంత్రానికీ అబద్ధం నేర్పను. చెప్పాల్సిన అవసరమే వస్తే, స్వయంగా నేనే చెబుతాను: "అయిపోవచ్చిందండి."